ప్రపంచ చరిత్రతో టారో డెక్ గీయాలంటే: ముందు ఆ రాజుల జాబితా పక్కన పెట్టండి

మీ ప్రశ్న చదివాను. హిస్టరీలో ఎం.ఏ. చేశారు, బొమ్మలు గీస్తారు, ప్రపంచ చరిత్ర మీద పూర్తి 78 కార్డుల టారో డెక్, అంటే జోస్యానికి వాడే బొమ్మల పేక, చేయాలని ఉంది. మేజర్ ఆర్కానా అనే 22 పెద్ద కార్డులకీ మనుషుల్ని ఎంచేశారు: ఎంపరర్‌కి అశోకుడు, ఎంప్రెస్‌కి క్లియోపాత్రా, డెత్‌కి చెంఘిజ్ ఖాన్, డెవిల్‌కి హిట్లర్, వరల్డ్‌కి అలెగ్జాండర్. మిగతా 56 మైనర్ కార్డుల దగ్గర, అంటే కప్పులు, నాణేలు, కత్తులు, కర్రలు అనే నాలుగు సూట్ల దగ్గర, బండి ఆగిపోయింది, అంతమంది గొప్పవాళ్ళని ఎక్కడ వెతకాలి అన్నారు. చాలాకాలంగా కార్డుల బొమ్మలు గీస్తున్నదాన్ని, చరిత్ర అంటే ప్రాణం పెట్టేదాన్ని కాబట్టి కాస్త పెద్ద సమాధానమే రాస్తున్నాను.

చిక్కు ఆ 56 కార్డుల్లో లేదండీ. మీరు మొదట ఎంచిన కార్డులోనే ఉంది. అశోకుణ్ణే తీసుకుందాం. ఎంపరర్ అంటే రాతి సింహాసనం, చట్టం, సరిహద్దు, పెత్తనం. అంత పెద్ద మౌర్య సామ్రాజ్యాన్ని ఏలాడు కదా, సరిపోతాడనిపిస్తుంది. ఇప్పుడు ఆయన 13వ శిలాశాసనం చదవండి. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారు, లక్షా యాభై వేలమందిని చెరపట్టి తరలించారు, అది తలుచుకుంటే నాకు బాధగా ఉంది అని గెలిచిన రాజే రాతిమీద చెక్కించాడు. ఇందులో ఎంపరర్ ఎక్కడున్నాడు? ఆ యుద్ధభూమి పది కత్తుల కార్డు. ఆ పశ్చాత్తాపం ఐదు కప్పుల కార్డు, ఒలికిపోయిన గిన్నెల ముందు తలవంచుకు నిలబడ్డ మనిషి. ఇంకా చూడండి. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద ఉంది, కానీ దెబ్బతిన్న కళింగలోనే, ధౌళిలో, జౌగడలో లేదు. అక్కడ దాని బదులు వేరే శాసనాలు వేయించాడు. ఎవరికి జరిగిందో వాళ్ళకి చెప్పని ఆ మాట హై ప్రీస్టెస్ వెనక తెర దాచే సంగతి. తరవాత శతాబ్దాలపాటు బ్రాహ్మీ చదవగలిగినవాళ్ళే లేకుండా పోయారు. 1837లో కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని విప్పాక గానీ ఆ రాళ్ళు మళ్ళీ మాట్లాడలేదు. సమాధుల్లోంచి మనుషులు లేచి నిలబడే జడ్జిమెంట్ కార్డుకి ఇంతకంటే మంచి సందర్భం నాకు తోచదు.

ఒక్క అశోకుడిలో నాలుగు కార్డులు దొరికాయి, మీరు రాసుకున్న ఎంపరర్ మాత్రం కాదు. ఎందుకంటే జీవితం మొత్తం ఒక కార్డులో పట్టదు, ఒక ఘట్టం పడుతుంది. పేరు మోసిన మనిషిని కార్డులో పెడితే చూసేవాళ్ళకి ఆ మనిషి గురించి తెలిసిందంతా వచ్చి మీదపడి, కార్డు చెప్పాల్సిన ఒక్క మాట వినిపించదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కార్డు తీసేది ఎవరు? ఉద్యోగం మానాలా వద్దా అని మథనపడుతున్న అమ్మాయి, విడాకుల కాగితాలమీద సంతకం పెట్టలేక తిరుగుతున్న మనిషి, ఇంట్లో పెద్దాయనకి ఆపరేషన్ అని దిగులుపడుతున్న కొడుకు. టారోతో జోస్యం చెప్పొచ్చని మీరు నమ్ముతారో లేదో నాకు తెలియదు, నాకు ఆ చర్చ అక్కర్లేదు. ఎలా వాడినా సరే, వాళ్ళు ఆ బొమ్మలో తమని తాము చూసుకోవాలి. ఆ క్షణంలో హిట్లర్ ముఖం ఎదురైతే ఏం చేసుకుంటారు? నేను వాడంత దుర్మార్గుణ్ణా అనుకోవాలా? కార్డులో చూసేవాడు నిలబడడానికి చోటుండాలి. మీ జాబితాలో ప్రతి కార్డునీ ఈ ఒక్క ప్రశ్నతో జల్లెడ పట్టండి.

చరిత్ర మీద టారో అనేది కొత్త ఆలోచన కూడా కాదు. 1491 ప్రాంతంలో ఉత్తర ఇటలీలో సోలా బుస్కా డెక్ వచ్చింది. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన డెక్, 78 కార్డులూ మిగిలాయి. 2009 నుంచి మిలాన్‌లోని బ్రెరా చిత్రశాలలో ఉంది. అందులో మేజర్ కార్డుల మీద రోమన్ వీరులు, పాత రాజులు: మారియుస్, కాటులుస్, నీరో, కేటో, చివరి కార్డుమీద నెబుకద్నెజర్. కత్తుల రాజు అలెగ్జాండర్. అంటే మీకు వచ్చిన ఆలోచనే వాళ్ళకీ వచ్చింది. కానీ కాటులుస్ ఆ కార్డులో ఎందుకున్నాడో ఇప్పుడు పండితులు కొట్టుకుంటే తప్ప తేలదు. అదే డెక్‌లో మూడు కత్తుల కార్డుంది, గుండెలో మూడు కత్తులు దిగి ఉంటాయి, పేరూ ఊరూ లేదు. ఐదు వందల ఏళ్ళు దాటినా చిన్నపిల్లకి చూపించినా అర్థమవుతుంది. ఆ డెక్ ఫొటోలు 1907లో లండన్ బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. 1909లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ గీసిన డెక్, ఇవాళ ప్రపంచమంతా వాడేది, ఆ మూడు కత్తుల గుండెనే తెచ్చుకుంది. ఆమె ఆ ఫొటోలు చూసే గీసిందని పరిశోధకులు గట్టిగా నమ్ముతారు. పేర్లున్న వీరులు అక్కడే ఉండిపోయారు. పేరులేని బొమ్మ లోకమంతా తిరిగింది.

టారో పుట్టుక గురించి కూడా మీ బుక్‌లెట్‌లో ఒక పేజీ ఉంటుంది కదా, దాంట్లో జాగ్రత్త. ఇది 1440ల నాటికి మిలాన్, ఫెరారా, ఫ్లోరెన్స్, బొలోన్యా ప్రాంతాల్లో ఆడిన పేకాట. అప్పటి పేరు ట్రియోన్ఫీ, అంటే విజయోత్సవాలు; ఆటలో పైకార్డు కిందికార్డుని కొట్టేది. జోస్యానికి బాగా వాడుకలోకి వచ్చింది 18వ శతాబ్దంలోనే. ఇదంతా ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాఁ రాశాడు. అప్పటికి ఈజిప్టు లిపి చదవగలిగినవాడు భూమ్మీద ఒక్కడు లేడు, షాంపోలియాఁ దాన్ని విప్పింది 1822లో. చరిత్ర డెక్ చేస్తున్నవాళ్ళు ఆ కట్టుకథని మళ్ళీ అచ్చువేయకూడదు. నిజమైన ఈజిప్టు సంబంధం ఒకటుంది, అది ఫారోలది కాదు, మమ్లూకులది. పేక 1370ల్లో ఆ ముస్లిం సుల్తానుల రాజ్యం నుంచి యూరప్‌కి చేరింది. వాళ్ళ పేకలో కప్పులు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు ఉండేవి. పోలో ఆట తెలియని యూరప్‌లో ఆ కర్రలు ఉత్త దుడ్డుకర్రలయ్యాయి. మనం ఆటీను, ఇస్పేటు, డైమను, కళావరు అన్నట్టు టారోలో ఈ నాలుగూ ఉంటాయి. మన దేశంలో గంజిఫా చీట్లది ఇంకో కొమ్మ. మొఘల్ గంజిఫాలో 96 చీట్లు, దశావతార గంజిఫాలో 120, రాయలసీమలోని నొస్సంలో కూడా ఒకప్పుడు ఆ చీట్లు రాసేవాళ్ళు. దాన్ని టారోతో కలిపేయకండి, దానికి దాని గౌరవం ఉంది.

ఇప్పుడు కొన్ని కార్డులు నేనైతే ఎలా ఆలోచిస్తానో చెబుతాను.

వీల్ ఆఫ్ ఫార్చ్యూన్. మిలాన్ ప్రభువుల కోసం బంగారు రేకుమీద వేసిన విస్కోంతీ-స్ఫోర్జా డెక్‌లో చక్రం చుట్టూ నలుగురుంటారు: ఏలబోతున్నాను, ఏలుతున్నాను, ఏలాను, రాజ్యం లేనివాణ్ణి. ఈ నాలుగు మాటలకీ చరిత్రలో ఒక రాయి సరిపోతుంది, కోహినూరు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువమంది భావిస్తారు. 1739లో ఢిల్లీ నుంచి నాదిర్ షా పట్టుకుపోయాడు. అతను హత్యకు గురయ్యాక అహ్మద్ షా దుర్రానీ చేతికి, అతని మనవడు షా షుజా దగ్గర నుంచి 1813లో రంజిత్ సింగ్ చేతికి, 1849 లాహోరు ఒప్పందంతో బ్రిటిష్‌వాళ్ళకి. నడుమ రాయిని పెట్టండి, చుట్టూ చేతులు మాత్రమే గీయండి. ముఖాలు వద్దు. అందుకుంటున్న చెయ్యి, బిగించిన చెయ్యి, వదులవుతున్న చెయ్యి, ఖాళీ చెయ్యి. కిరీటాలు, తలపాగాలు అవసరమే లేదు. చొక్కా అంచు, కడియం చాలు కాలం తెలియడానికి.

డెవిల్ మీద నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చరిత్ర డెక్కులు ఇక్కడే దారి తప్పుతాయి. స్మిత్ గీసిన కార్డులో ఇద్దరు మనుషుల మెడలో గొలుసులుంటాయి, కానీ వదులుగా ఉంటాయి, తలమీంచి తీసేయొచ్చు. బానిసత్వం తమంతట తామే మెడలో వేసుకున్నదని ఆ బొమ్మ అర్థం. గొలుసులు చూడగానే అట్లాంటిక్ బానిస వ్యాపారం గుర్తొస్తుంది, ఆఫ్రికన్లని ఓడ అడుగున కుక్కిన బొమ్మ గీద్దామనిపిస్తుంది. గీస్తే మాత్రం, మీ గొలుసు మీరే తీసేసుకోగలరు అని వాళ్ళకి చెప్పినట్టవుతుంది. అంతకంటే అన్యాయం ఉండదు. అదే చరిత్రని అవతలి వైపు నుంచి చూడండి. 1791లో బానిస వ్యాపారం ఆపాలన్న బిల్లుని బ్రిటిష్ పార్లమెంటు తిరగ్గొట్టింది. అప్పుడు ఇంగ్లండులో మామూలు కుటుంబాలు, ముఖ్యంగా ఇళ్ళల్లో ఆడవాళ్ళు, వెస్టిండీస్ పంచదార మానేశారు. ఆ ఉద్యమంలో ఊరూరా తిరిగిన థామస్ క్లార్క్‌సన్ అంచనా ప్రకారం మూడు లక్షలమంది. మీ డెవిల్ కార్డులో ఒక టీ బల్ల గీయండి. తెల్లని పింగాణీ, మధ్యలో పంచదార గిన్నె, చెంచా పట్టుకున్న చెయ్యి. గొలుసు ఆ టీ తాగేవాళ్ళ మెడలో ఉండాలి, వదులుగా. కార్డు తీసినవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోగలరు. నాకు తీపిగా ఉన్నది ఎవరి ఖర్చుతో వస్తోంది, నేను దాన్ని మానగలనా అని అడుక్కోగలరు. హిట్లర్ కార్డు ఆ ప్రశ్న అడగనివ్వదు.

హ్యాంగ్డ్ మ్యాన్‌లో చరిత్ర ఇప్పటికే ఉంది. ఇటలీ నగరాల్లో ద్రోహుల బొమ్మలు తలకిందులుగా ఒంటికాలిమీద వేలాడుతున్నట్టు గోడలకి వేసి పరువు తీసేవాళ్ళు. 1478లో ఫ్లోరెన్సులో పాజ్జి కుట్రదారుల పరువు తీసే బొమ్మలు గోడమీద వేసింది బొట్టిచెల్లి. మొదటి చూపరులకి ఈ కార్డు ద్రోహి. ఆగి, వేరే కోణంలో చూడడం అన్న అర్థం తరవాతి రోజులది. రెండు అర్థాలూ కలిసేచోటు ఒకటుంది, గెలీలియో. 1633లో మతవిచారణలో దోషి అన్నారు, చనిపోయే 1642 దాకా గృహనిర్బంధంలో ఉంచారు. ఆ నిర్బంధంలో కూర్చునే పదార్థాల బలం గురించీ చలనం గురించీ రాసిన గ్రంథం 1638లో హాలండులోని లైడెన్‌లో అచ్చయింది. టెలిస్కోపు గీయకండి, అది మరో గెలీలియో. ఏటవాలు చెక్కమీద దొర్లే గుండు, కిటికీ దగ్గర చూపు మందగించిన ముసలాయన, గడప దాటని కాలు. ఆయన పేరు బుక్‌లెట్‌లో ఉంటే చాలు.

టెంపరెన్స్‌లో దేవదూత ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్ళు పోస్తుంటుంది. అంకెలు అలాగే ప్రయాణం చేశాయి. 628లో బ్రహ్మగుప్తుడు సున్నతో లెక్కలకి నియమాలు రాశాడు, 9వ శతాబ్దపు బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెల మీద పుస్తకం రాశాడు, 1202లో పీసా నగరపు ఫిబొనాచీ వాటిని ఇటలీ వర్తకుల లెక్కల్లోకి తెచ్చాడు. తాటాకు, కాగితం, తోలుకాగితం మీంచి ఒకే ధార పారేలా గీస్తే మీ చదువూ మీ చెయ్యీ రెండూ కనిపిస్తాయి.

టవర్‌కి బాస్టిల్ కోట అందరూ గీస్తారు. నేనైతే లిస్బన్ అంటాను: 1755 నవంబరు 1, పునీతుల పండగ ఉదయం, చర్చిలు జనంతో నిండి ఉన్నప్పుడు భూకంపం, తరవాత సముద్రం, ఆపైన మంటలు. ఎవరి తప్పూ లేకుండా పడే పిడుగు అది. టవర్ తరవాత వచ్చే స్టార్ కోసం పసిఫిక్‌కి వెళ్ళండి. 1976లో హోకులేయా అనే జంట పడవని దిక్సూచి లేకుండా, నక్షత్రాలూ అలలూ చూసుకుంటూ హవాయి నుంచి తహితీకి మావ్ పియాయ్‌లుగ్ నడిపించాడు. పోయిందనుకున్న విద్య మళ్ళీ దారి చూపింది. ఆ రెండు కార్డులూ పక్కపక్కన పడితే చెప్పక్కర్లేకుండానే కథ నడుస్తుంది.

డెత్‌కి చెంఘిజ్ ఖాన్ వద్దు. ఆ కార్డు చంపడం గురించి కాదు, ఒకటి పోయి ఇంకొకటి వచ్చే చోటు గురించి. 1348 నాటి ప్లేగు తరవాత ఇంగ్లండులో పొలాలు బీడుపడి, మిగిలిన కూలీలు ఎక్కువ కూలి అడగడం మొదలుపెట్టారు. 1351లో కూలి పెంచకూడదని చట్టమే చేశారు, అయినా పాత రోజులు మళ్ళీ రాలేదు. కోయని పంట, కొడవలి భుజాన వేసుకుని బేరమాడుతున్న కూలీ. అస్థిపంజరం కంటే ఇది నాకు బరువుగా తగులుతుంది.

మిగతావి క్లుప్తంగా. ఫూల్: 1325లో 21 ఏళ్ళ వయసులో ఒంటరిగా టాంజియర్ వదిలి బయల్దేరిన ఇబ్న్ బతూతా, ఇంకా ఏ దేశమూ చూడని కుర్రాడిగా. ఎంప్రెస్: క్లియోపాత్రా కాదు, మెక్సికోలో సుమారు 9 వేల ఏళ్ళ కిందట టియోసింటే అనే గడ్డి గింజల్ని ఏరి ఏరి మొక్కజొన్న చేసిన పేరు తెలియని రైతులు. ఎంపరర్: క్రీ.పూ. 221లో చైనాని ఏకంచేసి తూనికలూ లిపీ బండి ఇరుసుల వెడల్పూ ఒకటే చేసిన చిన్ చక్రవర్తి, కానీ ఆయన బదులు తూకపురాయి. స్ట్రెంత్: 1955 డిసెంబరు 1న మాంట్‌గొమరీ బస్సులో సీటు వదలని రోసా పార్క్స్. హెర్మిట్: అల్జీరియా కొండకోటలో లోకానికి దూరంగా చరిత్రశాస్త్రం రాసుకున్న ఇబ్న్ ఖల్దూన్. వరల్డ్: అలెగ్జాండర్ లోకాన్ని చుట్టలేదు, మధ్యలో ఆగిపోయాడు. 1519లో మెజెల్లన్‌తో ఐదు ఓడల్లో వెళ్ళి 1522 సెప్టెంబరులో ఒక్క విక్టోరియా ఓడమీద స్పెయిన్ చేరిన పద్దెనిమిదిమంది చుట్టారు. మెజెల్లన్ వాళ్ళలో లేడు, ఫిలిప్పీన్స్‌లో మక్తాన్ దగ్గర లపులపు మనుషుల చేతిలో చనిపోయాడు. ఇల్లు చేరేసరికి వాళ్ళ లెక్కలో ఒక రోజు తక్కువొచ్చింది. పూర్తి చుట్టు తిరిగినవాడికి ఏం దక్కుతుంది, ఏం పోతుంది అన్నది ఆ కార్డు.

ఇక మీరు ఆగిపోయిన మైనర్ కార్డులు. ఇవి గొప్పవాళ్ళని అడగవు. పని, తిండి, డబ్బు, తగాదా, ప్రయాణం, ఓర్పు అడుగుతాయి. ఒక్కో సూట్‌కి ఒక పొడుగాటి కథ ఇవ్వండి, ఆసు నుంచి పది దాకా అదే నడుస్తుంది. నాణేలకి వెండి కథ ఎంత బాగా కుదురుతుందో చూడండి. ఆసు: 1545లో బొలీవియా కొండల్లో పొటోసీ దగ్గర బయటపడ్డ వెండిరాయి, మేఘంలోంచి కాదు, మట్టిలోంచి వచ్చిన చేతిలో. ఐదు: స్మిత్ కార్డులో మంచులో చర్చి కిటికీ కింద నడిచే ఇద్దరు పేదలుంటారు. నాలుగు వేల మీటర్ల ఎత్తున ఆ చలిలో మితా అనే వెట్టికి వంతులవారీగా గనికి నడిచిన ఆండీస్ మనుషులే వాళ్ళు. ఎనిమిది: టంకశాలలో నాణెం కొడుతున్న చెయ్యి. ఆ నాణెమే ఎనిమిది రియాళ్ళది, ప్రపంచమంతా చెల్లింది. అంకె తనంతట తానే వచ్చి కూర్చుంది. ఆ వెండి 1571లో స్పెయిన్‌వాళ్ళు పట్టుకున్న మనీలా మీదుగా చైనాకి పోయింది. 1581లో మింగ్ ప్రభుత్వం పన్నులన్నీ కలిపి వెండిలో కట్టమంది. పది: మూడు తరాల కుటుంబం పన్నువెండి తూస్తున్న ఇల్లు, ఆ ఇంటి భద్రతా ఆ ఇంటి బరువూ రెండూ.

తొమ్మిది నాకు అన్నిటికంటే ఇష్టం. స్మిత్ కార్డులో తోటలో ఖరీదైన గౌను వేసుకున్న ఒంటరి స్త్రీ ఉంటుంది. యూరప్ కంపెనీలు ఆ వెండిలో కొంత మోసుకొచ్చింది మచిలీపట్నానికి, కోరమాండల్ తీరపు అద్దకం బట్టల కోసం. డచ్ ఇంటి తోటలో నిలబడ్డ ఆవిడ గౌను మీద కలంకారీ తీగ గీయండి. ముదురు ఎర్రరంగు, సన్నని నల్లగీత, వాటిమధ్య ఖాళీ బట్ట కనబడాలి. పెడన కలంకారీ ఒకటి బల్లమీద పరుచుకుని గీస్తే గీత నడక పట్టుబడుతుంది, ఫొటో చూసి గీస్తే రాదు. సుఖంగా ఉన్న ఆ స్త్రీ వెనక పొటోసీ గనీ ముందు మన అద్దకందారూ ఉన్నారని బొమ్మే చెబుతుంది.

మిగతా మూడు సూట్లకి తీగలు మాత్రం ఇస్తాను. కర్రలకి నడక, శ్రమ, తిరుగుబాటు. ఆసు కర్రగా 1930 దండి యాత్రలో గాంధీ చేతికర్ర. కప్పులకి జనం కలిసి తాగినవి: కాఫీహౌసులు, టీ, ఊరుమ్మడి నీళ్ళు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో జాన్ స్నో మాటమీద చేతిపంపు పిడి ఊడదీశారు, కలరా ఎక్కడినుంచి వస్తోందో ఆయన పటంమీద చూపించాడు. అదొక కప్పు కార్డు తప్పకుండా. కత్తులకి మాట, చట్టం, యుద్ధం. ఏడు కత్తుల మోసానికి క్రీ.పూ. 1750 నాటి ఊర్ నగరపు మట్టిపలక ఉంది, నాన్నీ అనే కొనుగోలుదారు నాసిరకం రాగి అంటగట్టాడని ఏయా-నాసిర్ అనే వ్యాపారిని నిలదీసిన ఉత్తరం. నీళ్ళు దాటే ఆరు కత్తులకి మన కాకతీయ గణపతిదేవుడి 1244 మోటుపల్లి అభయశాసనం సరిపోతుంది. ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని పాత రాజులు లాక్కునేవాళ్ళు, సుంకం తప్ప ఇంకేం ముట్టను రండి అని ఆయన రాయి నాటించాడు. గాలివానలో పడవ, ఒడ్డున ఆ రాయి.

మీ జాబితాలోని రాజులూ రాణులూ ఎక్కడికి పోవాలంటే, కోర్టు కార్డులకి, అంటే ప్రతి సూట్‌లో ఉండే పేజ్, నైట్, రాణి, రాజులకి. ఆ 16 కార్డులు నిజంగా మనుషులవే, స్వభావాలవే. నాణేల రాజుకి వెతకనే అక్కర్లేదు. 1375 నాటి కాటలన్ అట్లాస్‌లో మాలి రాజు మాన్సా మూసా సింహాసనం మీద కూర్చుని బంగారు ముద్ద పైకెత్తి పట్టుకుని ఉంటాడు, అచ్చు టారో భంగిమే. కత్తుల రాణి రుద్రమదేవి. కప్పుల నైట్‌గా పదిహేనేళ్ళకి పైగా తిరిగి 657 గ్రంథాలతో 645లో చైనా రాజధాని చాంగాన్ చేరిన హుయాన్ త్సాంగ్, గుర్రం మీద కప్పు బదులు తాటాకుల మూట. కర్రల పేజ్‌గా ఇంకాల వార్తాహరుడు చాస్కీ.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. కత్తులు యూరప్, కప్పులు ఆసియా, కర్రలు ఆఫ్రికా, నాణేలు అమెరికా అని ఖండాల్ని పంచకండి. చాలామందికి ముందు వచ్చే ఆలోచన అదే, చక్కగా నాలుగు పెట్టెల్లో సర్దినట్టు ఉంటుంది. దాంతో బుద్ధి ఒక ఖండానిది, భక్తి ఇంకోదానిది, కండబలం మరోదానిది అయిపోతుంది. వలసపాలకులు చెప్పిన మాటే అది. అలాగే ఏ మతానికైనా దేవుళ్ళనీ ప్రవక్తలనీ కార్డుల మీదికి తేవద్దు. బాధితులు ఇంకా బతికున్న ఊచకోతల్నీ తేవద్దు. వాళ్ళ పిల్లలు మీ డెక్ కొనొచ్చు, పది కత్తుల కార్డు వాళ్ళకే రావొచ్చు.

గీయడం మొదలుపెట్టాక కార్డుకొక కాగితం పెట్టుకోండి: కాలం, చోటు, ఆ కాలానిదే అని తేలిన ఒక వస్తువు, అప్పటికి లేని వస్తువులు. చివరిది చాలా ముఖ్యం. అలెగ్జాండర్ గుర్రానికి రికాబులు ఉండవు. మాన్సా మూసా సంతలో మొక్కజొన్న ఉండదు, రుద్రమ వంటింట్లో మిరపకాయ ఉండదు, అవి అమెరికా నుంచి రావాలి. హిస్టరీ చదివినవాళ్ళు డెక్ కొని ముందు వెతికేది వీటినే. రిఫరెన్సుకి న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం 2017 నుంచి లక్షల ఫొటోలు ఏ హక్కులూ లేకుండా తెరిచిపెట్టింది. స్మిత్ 1951లో చనిపోయింది కాబట్టి మన చట్టం ప్రకారం ఆమె మూలచిత్రాల హక్కుల గడువు తీరింది, కానీ తరవాత ఎవరో కొత్తగా రంగులు వేసిన ముద్రణల్ని చూసి ఎత్తకండి.

కొలత 70 బై 120 మిల్లీమీటర్లు పెట్టుకోండి, చుట్టూ కత్తిరింపులో పోయే 3 మిల్లీమీటర్ల అంచు (బ్లీడ్), 300 డీపీఐలో అంటే సుమారు 898 బై 1488 పిక్సెళ్ళు. గీసేది మాత్రం దానికి రెండింతల్లో. ప్రతి కార్డునీ బొటనవేలి గోరంత చేసి చూడండి, అప్పుడు కూడా ఏ కార్డో తెలియాలి. చరిత్ర తెలిసినవాళ్ళు వివరాలు కూరేసి ఇక్కడే దెబ్బతింటారు. పేర్లు తెలుగులో వేస్తారు కదా, కింది పట్టీ ఇంగ్లిష్ డెక్కుల కంటే లోతుగా వదలండి. ‘స్ట్రెంత్’ అని వేసి చూడండి, ఒత్తులు అంచు కత్తిరింపులో పోతాయి. శివకాశిలో ఆఫ్‌సెట్ వేయించుకోవచ్చు, తక్కువ కాపీలకి డిజిటల్ ప్రింటే మేలు. నల్లపొర ఉన్న ప్లేయింగ్ కార్డు బోర్డు అడగండి, మామూలు ఆర్ట్ కార్డుకి లామినేషన్ వేస్తే కలిపేటప్పుడు జారిపోతుంది, అంచులు విడతాయి. వెనకవైపు డిజైను ఎటు తిప్పినా ఒకేలా ఉండాలి, లేకపోతే కార్డు తలకిందులుగా ఉందో లేదో తియ్యకముందే తెలిసిపోతుంది.

మొదట నాణేల పదీ గీసి పెన్సిల్ స్కెచ్‌లు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. మేజర్ కార్డుల జోలికి ఆ తరవాతే వెళ్ళండి.